సీసా అడుగున మిగిలిన మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందు సీసాకు జరిగే మర్యాద మనుషులకు జరిగేది కాదు. మనిషికి జ్వరం వస్తే ఒక నులకమంచం, ఒక చిరుగుల దుప్పటి. అదే మందు సీసా వస్తే గూట్లో బైబిలు పక్కన చోటు. చేతులు కడుక్కోకుండా ఆ రెండింటి జోలికీ పోకూడదు. నాకు రెండింటి జోలికీ పోవాలని పెద్దగా ఉండేది కాదు కాబట్టి ఆ నియమం నన్నెప్పుడూ బాధించలేదు.

మా ఊరు ఆత్మకూరు అవతల, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. యుద్ధం జరుగుతున్న రోజులవి. యుద్ధం మా ఊరిదాకా రాలేదు. కిరసనాయిలు రాకపోవడాన్నే యుద్ధమంటారని నేను చాలా కాలం నమ్మాను. బియ్యం రాకపోయినా, బట్ట రాకపోయినా, వానలు వెనకపట్టగానే చలిజ్వరం మాత్రం తప్పకుండా వచ్చేది. దానికి ఏ కరువూ అడ్డం రాలేదు.

మా నాయన అప్పుడు రైలు దారి పనికని నంద్యాల పక్క ఉండేవాడు. ఇంట్లో మా జేజి, అంటే మా నాయనమ్మ, కడుపుతో ఉన్న మా అమ్మ, నేను, మా చిన్నాయన. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పెళ్లి కాలేదు. ఎద్దులబండి కట్టుకుని అడవిలోకి పోయి వెదురు తోలుకొచ్చేవాడు. ఊరిలో ఏ గొప్ప విషయం జరిగినా దాని గాలి తీసేయడం ఆయన పని. ఒకసారి గాలివానకు మా ఇంటి కప్పు సగం ఎగిరిపోయింది. జేజి ఏడుస్తుంటే ఆయన ఆ సందు కిందే చాప పరుచుకుని పడుకుని, ఇంక దీపం ఖర్చు లేదు, చుక్కలుండాయి అన్నాడు. జేజికి ఏడుపులోనే నవ్వొచ్చి, ఆ కోపంతో ఆయన్ను చీపురు తీసుకుని తరిమింది. నాకున్న ఈ నోటి దురద ఆయన దగ్గర అంటుకున్నదే. జ్వరాల్లాగే ఇదీ అంటువ్యాధి.

మందు సంగతి చెప్పే ముందు నీళ్ల సంగతి చెప్పాలి. వానాకాలంలో మా వాగు నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉండేవి. ఆ నీళ్లు తెచ్చి కుండలో పోసి, చిల్లగింజను రాతిమీద అరగదీసి ఆ గంధం కలిపి, కుండను ఒక మూల పెట్టేవాళ్లు. ఇంక ఆ కుండను ఎవరూ కదిలించకూడదు. కుండ కదిలిన చప్పుడు, వెంటనే ఎవరిదో వీపు మోగిన చప్పుడు, రెండూ కలిసే వినిపించేవి. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి పైన తేట నిలిచేది. ఆ తేటను మెల్లగా వంచుకోవడం ఒక విద్య. కోడలు ఇంటికి వచ్చాక అత్త ముందుగా నేర్పేది అదే. ఆ విద్యలో మా జేజిని మించినవాళ్లు ఊళ్లో లేరు. ఆమె వంచితే ఒక్క నలుసు కూడా పైకి లేచేది కాదు. మడ్డిని కూడా పారబోసేది కాదు. దానిలో ఇంకొన్ని నీళ్లు పోసి మళ్లీ తేరనిచ్చేది. నీళ్లకు కరువున్న దేశంలో పారబోయడం అనే పని చేతికి అలవాటు కాదు.

ఆ ఏడు చిన్నాయన అడవినుంచి వణుకుతూ వచ్చి మంచం పట్టాడు. మంచం కిర్రుకిర్రుమని ఊగుతుంటే, నేను కాదు, భూమి అదురుతాండాది అన్నాడు. జ్వరం ఒకరోజు విడిచి ఒకరోజు వచ్చేది. జేజి ఆముదం సీసాను బూడిద వేసి తోమి, నన్ను తోడు తీసుకుని మిషను వాళ్ల మందుల గదికి నడిచింది. అక్కడ మందు కావాలంటే సీసా మనమే తీసుకుపోవాలి. సీసా లేనివాడికి జ్వరం ఉన్నా లేనట్టే లెక్క.

కంపౌండరు నిదానస్తుడు. సీసాలో కొయినా మందు, అంటే క్వినైను, పోసి, ఎంతెంత తాగాలో తెలిసేలా కాగితాన్ని రంపం పళ్ల మాదిరి కత్తిరించి సీసాకు అంటించాడు. యుద్ధం వల్ల కలపాల్సిన ద్రావకం దొరకడం లేదని, అందుకని పొడి పూర్తిగా కరగలేదని చెప్పాడు. తరవాత జాగ్రత్తలు చెప్పాడు. అన్నం తిన్నాకే తాగాలి. కాగితం పన్ను దాటి తాగకూడదు. కడుపుతో ఉన్న మనిషి పొరపాటున కూడా నోట్లో వేసుకోకూడదు. పిల్లలకు అందకూడదు. చెవుల్లో గుయ్యిమన్నా, చూపు మసకబారినా వెంటనే ఆపేసి తన దగ్గరికి రావాలి. తాగే ప్రతిసారీ సీసాను బాగా కదిలించాలి.

మా జేజి అన్నిటికీ తలూపింది. ఆ తల ఊపడంలో మోసం లేదు. ఒక్కటి తప్ప అన్నీ అక్షరాలా పాటించింది కూడా. మా అమ్మను ఆ సీసా ఉన్న గూటి వైపు పోనిచ్చేది కాదు. చిన్నాయన తాగిన గిన్నెను సైతం మా అమ్మచేత కడిగించలేదు. గూడు నాకు అందదని తెలిసినా, అందుతుందేమోనని నన్ను గోడకు ఆనించి నిలబెట్టి చూసుకుంది. పాటించని ఆ ఒక్కటి గురించి మందుల గదినుంచి వచ్చే దారిలోనే నాకు చెప్పింది.

"మడ్డి కలబెట్టి తాపేదానికి మనమేమన్నా ఎనుములమా? ఆయప్ప పట్నం మనిషి. తేర్చుకొని తాగేది ఆయప్పకేం తెలుసు?"

నాకూ నిజమే అనిపించింది. మా ఊళ్లో ఎవరిని అడిగినా నిజమే అనేవాళ్లు.

అట్లా రోజూ అన్నం తిన్నాక, సీసాను పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఒక్క నలుసు లేవకుండా, పైనుంచి తేట వంచి కొడుకుకు తాపేది. ఆ తేట కూడా చేదుగానే ఉండేది, కాబట్టి మందు మందులాగే ఉందని అందరమూ అనుకున్నాం. జ్వరం మాత్రం తన రోజు తాను మరిచిపోకుండా వచ్చేది. ఈ మందు శానా మంచిది, జ్వరాన్నీ ఏమీ అనదు, నన్నూ ఏమీ అనదు అనేవాడు చిన్నాయన. చెవులు మోగాయా అని జేజి రోజూ అడిగేది. లేదనేవాడు. తేట తాపితే చెవులెందుకు మోగుతాయి అని ఆమె తృప్తిగా మా అమ్మ వైపు చూసేది. తన చేతి పనితనానికి ఆ మోగని చెవులే సాక్ష్యం.

చివరికి సీసా అడుగున తెల్లగా, పిండి నీళ్ల మాదిరి మడ్డి మిగిలింది. దాన్ని పట్టుకుని జేజి చాలాసేపు వాకిట్లో కూర్చుంది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ కూర్చున్నంతసేపూ పారబోయడానికీ పారబోయకపోవడానికీ మధ్య కూర్చుందని అనిపిస్తుంది. అంత దూరం నడిచి తెచ్చిన మందు. యుద్ధంలో దొరకని మందు. ఆ రోజు జ్వరం కూడా ఎక్కువగా ఉంది. ఏమైనా మందు మందే కదా అనుకున్నట్టుంది. సీసాలో కాసిన్ని వేడినీళ్లు పోసి, అటూ ఇటూ తిప్పి, అడుగున ఒక్క చుక్క కూడా లేకుండా గిన్నెలోకి వంచింది. జాగ్రత్త ప్రకారం చిన్నాయనకు ముందు సంగటి పెట్టింది. ఆ తరవాతే గిన్నె ఇచ్చింది.

"ఇది మందా, సున్నమా? గోడకు కొట్టల్లనా, తాగల్లనా?" అని అడిగాడు చిన్నాయన. అడిగి తాగేశాడు.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, ఈ రోజు ఆదివారం కాదే, గుడి గంట ఎవరు కొడతాండారు అన్నాడు. చర్చిని మేము గుడి అనే అనేవాళ్లం. గంట ఎవరూ కొట్టడం లేదు. మేము నవ్వాం. ఆ తరవాత వాంతి చేసుకున్నాడు. జేజి వీపు నిమిరి పడుకోబెట్టింది. కొంతసేపటికి ఆయన మెల్లగా, పట్టపగలు తలుపెందుకు మూసినావమ్మా అని అడిగాడు.

తలుపు తెరిచే ఉంది. ఎండ లోపలికి వచ్చి ఆయన పాదాల మీద పడుతోంది. ఇంటి కప్పు పోతే చుక్కలు చూసుకుంటాననే మనిషి ఇట్లా అంటే ఎవరు నమ్ముతారు? నేను పకపకా నవ్వాను. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. చాల్లే నీ యెకసెక్కాలు అని జేజి కసిరింది. చిన్నాయన తన చేతిని మొహం ముందు పెట్టుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, దాన్ని వెతుకుతున్నట్టు చూశాడు. ఆయన మాటకు మాట అనకపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఇంట్లో అందరిదీ ఒకేసారి ఆగిపోయింది.

మరుసటి రోజు కబురందుకుని కంపౌండరు సైకిలు మీద వచ్చాడు. చిన్నాయన కండ్ల దగ్గర అగ్గిపుల్ల గీసి చూశాడు. కంటిపాపలు పెద్దవైపోయి ఉన్నాయి. వెలుతురు దగ్గరికి తెచ్చినా అవి కదల్లేదు. చెవులు కూడా మందగించి ఉండడంతో గట్టిగా అరిచి మాట్లాడాల్సి వచ్చింది. అందువల్ల ఆయన అడిగింది వీధిలోవాళ్లకు కూడా వినబడింది.

"సీసా ఎవరి చేతిలో ఉండె? మందు ఎట్ల తాపినారు? నేను తిట్టేదానికి అడగలేదు. ఇదే మందు ఇంకా శానా ఇండ్లలో ఉండాది."

జేజి తలుపు చెక్కను పట్టుకుని నిలబడి ఉంది. కడిగి బోర్లించిన సీసా ఆమె వెనక గూట్లో ఉంది. ఆమె మొహంలో ఏం జరిగిందో అప్పటికి నాకు అర్థం కాలేదు. సీసా కదిలించలేదు, పైన తేటలో మందు లేదు, మందంతా అడుగున చేరింది, ఆ అడుగును తానే కడిగి కొడుకు నోట్లో పోసింది. కంపౌండరు అడిగిన ఒక్క మాటతో ఆమెకు ఇదంతా తెలిసిపోయిందని నేను పెద్దదాన్నయ్యాక లెక్క కట్టుకున్నాను. ఆమె నోరు తెరిచింది. "వాడికి నేనే..." అనేదాకా వచ్చింది.

చిన్నాయన ఆ మాట వినలేదు. వినబడే చెవులు కావవి. కానీ ఎట్లా తెలిసిందో తెలిసింది.

"అమ్మా, సారు ఎండన పడి వచ్చినాడు. మజ్జిగ తేపో" అన్నాడు. ఆమె కదల్లేదు. "తేపో మా" అన్నాడు మళ్లీ. ఆమె లోపలికి పోయింది.

ఆమె మజ్జిగ కలిపేలోపు చిన్నాయన చెప్పేశాడు. కదిలించి తాపుతానని అమ్మ అంటే వద్దన్నది తానేనట. మడ్డి తాగడానికి రోత పుట్టి రోజూ పైన తేట మాత్రమే తాగాడట. చివర్లో జ్వరం పోవడం లేదనే కోపం కొద్దీ సీసా లాక్కుని అడుగుదంతా ఒక్క గుక్కలో ఎత్తుకున్నాడట. కల్లు తాగేవాడి తెలివి ఇంతే సారూ అని ముగించాడు. ఆయన కల్లు ముట్టని మనిషి. మా అమ్మ నా భుజాన్ని గట్టిగా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను. నాకు అది పెద్ద కష్టం, అయినా మూసుకున్నాను.

కంపౌండరు ఆయన్ను చూశాడు. మజ్జిగ గిన్నెతో వచ్చిన జేజిని చూశాడు. గిన్నె అంచు మీదుగా మజ్జిగ కారిపోతోంది. ఈ మందు ఇంక చుక్క కూడా తాపొద్దని, చెవులు తిరిగి వస్తాయని, చూపు కొంత రావచ్చు, ఎంతో చెప్పలేనని అన్నాడు. మజ్జిగ తాగి మిగతా ఇండ్ల వైపు సైకిలు తిప్పాడు.

ఆదివారం వచ్చేసరికి చెవులు వచ్చాయి. చూపు మాత్రం గోడకు పొడిచిన చిన్న సందులోనుంచి చూసినట్టు వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని ఆయన్ను గుడికి తీసుకుపోయాను. మా గుడిలో ప్రసంగం అయిపోయాక ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పుకోవచ్చు. జబ్బు నయమైనవాళ్లు, తప్పిపోయిన మేక దొరికినవాళ్లు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. చిన్నాయన లేచాడు. కండ్లు పోయిన మనిషి లేచాడని ఆడవాళ్లు అప్పుడే కొంగులు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు.

ఆయన ఆ కొంగులకు పని చెప్పలేదు. మందులో తేట తాగిన మొనగాడి కథ చెప్పాడు. ఆ మొనగాడు తానే. అమ్మ వద్దంటే వినని మొండివాడు, కంపౌండరు మాటను గాలికి వదిలిన తెలివిమంతుడు, అడుగు మందును పాయసం అనుకున్న ఆశపోతు. గుడంతా నవ్వింది. పాదిరిగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

"దేవుడు చెవులిచ్చినాడు. కండ్ల సంగతి ఇంకా ఆలోచన చేస్తాండాడు. మీరు మాత్రం సీసా కదిలించండప్పా. మందు తాగినాక చెవిలో గంట మోగితే గుడికి రావద్దండి, కంపౌండరు దగ్గరికి పోండి."

నవ్వులన్నీ మగవాళ్ల వైపునుంచీ ఆడవాళ్ల వైపునుంచీ వస్తున్నాయి. నేను ఆడవాళ్ల వైపు జేజి పక్కన కూర్చున్నాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. చాప మీద తన చేతిని చూసుకుంటూ కూర్చుంది. ఒక్క నలుసు లేవకుండా వంచే ఆ చేతిని.

ఆ సాయంత్రం మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా సీసా కదిలించే చప్పుడే. ఒకాయన అత్యుత్సాహంతో ఊపితే బిరడా ఎగిరి పప్పులో పడింది. ఆ నవ్వుల మధ్యలోనే చివరి ఇంటి అక్క ఒక సీసా పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆ సీసాలో పైనంతా తేట అయిపోయి అడుగున తెల్ల మడ్డి మిగిలి ఉంది. ఆమె కూడా తన బిడ్డకు తేటే తాపింది. కంపౌండరు ఇండ్లకు తిరిగిన రోజు ఆమె ఇంట్లో లేదట, రేపు అడుగుది కడిగి తాపుదామనుకుందట.

"నీ కొడుకు అట్ల తాగకపోయింటే నా బిడ్డకు నేనే పోసుందును, జేజీ" అని ఏడ్చింది.

మా జేజి ఏదో అనబోయింది. నేనూ అట్లే చేస్తినమ్మా అని ఉండవచ్చు. ఆ ఒక్క మాట అంటే కొంత బరువు దిగేది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ పక్కనే మంచం మీద చిన్నాయన ఉన్నాడు. ఆ మాట అంటే ఆయన గుడిలో నిలబడి కట్టిందంతా కూలిపోతుంది. ఆమె ఆ అక్క చేతిలోనుంచి సీసా తీసుకుని కదిలించడం మొదలుపెట్టింది. దాన్ని ఇంక పారబోయాల్సిందే, కదిలించి లాభం లేదు. అయినా పొద్దు గూకేదాకా కదిలిస్తూనే కూర్చుంది. ఎవరూ ఆమె చేతిలోనుంచి తీసుకోలేదు.

చిన్నాయన చూపు ఆ సందును దాటి ఎప్పుడూ పెద్దది కాలేదు. బండి తోలడం మానేశాడు. ఒక ఎద్దును చూస్తే రెండోది పారిపోయినట్టుండాది, ఇట్లయితే బండి తోలేదెట్ల అనేవాడు. గడపలో కూర్చుని నార తాళ్లు పేనేవాడు. తాడుకు చూపు అక్కర్లేదు, వేళ్లు చాలు. పెళ్లి మాట ఎత్తితే, పిల్లను చూసేదానికి నాకు ఒక పూట పడుతుంది, ఒకసారి ముక్కు, ఒకసారి చెవి అని కొట్టేసేవాడు. దీపాలు పెట్టే వేళయితే ఆయనకు అసలేమీ కనబడేది కాదు. వాకిట్లో పడుకుని, చుక్కలన్నీ ఉండాయా, ఎవరన్నా ఎత్తుకపోయినారా అని నన్ను అడిగేవాడు. లెక్క సరిపోయింది చిన్నాయనా అనేదాన్ని. ఆయన దగ్గర నేర్చుకున్న విద్య ఆయనకే అప్పజెప్పడం నాకు అప్పుడు ఎంత కష్టంగా ఉండేదో.

ఆ తేట కథను మాత్రం ఆయన చచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. ఇంటికి చుట్టం వస్తే చాలు మొదలయ్యేది. ప్రతిసారీ ఒక కొత్త మొండితనం చేర్చేవాడు. ఒకరోజు జేజి రోట్లో చింతపండు దంచుతూ అదంతా విని, నా వైపు చూడకుండా అంది.

"బాగా చెప్తాడు నా కొడుకు. నిజం కంటే బాగుంటాది."

అంతే. మళ్లీ రోకలి అందుకుంది. నేను ఏమీ తెలియనట్టు కరివేపాకు దూయసాగాను. ఆ కథ తనకోసమే కట్టాడని ఆమెకు తెలుసని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆ అబద్ధాన్ని కుండ మాదిరి కదలనీయకుండా కాపాడుకున్నారు.

కదిలింది ఒక్కచోటే. ఆ ఏడాదినుంచి మా జేజి నీళ్లు వంచే పద్ధతి మారింది. పైనున్న తేట మాకందరికీ పోసేది. అడుగున మడ్డి మిగిలితే దాన్ని మళ్లీ తేరనిచ్చేది కాదు, పారబోసేది కాదు. చిన్నాయన మొహం అటు తిరిగి ఉన్నప్పుడు తన గిన్నెలో వంచుకుని, గడపకు వీపు పెట్టి తాగేసేది. ఆయన చూపు ఆ చిన్న సందులో అటువైపు పోయే అవకాశం ఎట్లాగూ లేదు. అయినా ఆమె తిరిగి కూర్చునే తాగేది. కుండ కదలకుండా చూసుకునే ఇంట్లో ఆ ఎర్రనీళ్లు ఆమె ఒక్కతే తాగింది. ఆమె పోయేదాకా అట్లాగే తాగింది.

ఇప్పుడు నాకు రకరకాల మాత్రలు. ప్రతి డబ్బాలోనూ మడతపెట్టిన కాగితం ఉంటుంది, అందులో చీమతలంత అక్షరాలు. మా మనవడి చేత మొదటినుంచి చివరిదాకా చదివిస్తాను. వాడు విసుక్కుంటూ చదువుతాడు. చెవుల్లో మోత అని వచ్చిన చోట ఆపి ఇంకోసారి చదవమంటాను. సీసా మందైతే నేను కదిలించే కదిలింపుకు వాడు పడీపడీ నవ్వుతాడు. నవ్వనీ. ఆ మందు కథ నవ్వించడానికే కట్టింది.

నీళ్లు మాత్రం ఎవరికైనా నేనే పోస్తాను. అందరికీ పోశాక అడుగున మిగిలినవి నేను తాగుతాను. ఇప్పటి నీళ్లలో మడ్డి ఎక్కడుంది? అద్దంలాగా ఉంటాయి. ఇదేం అలవాటు అత్తమ్మా అని మా కోడలు అడుగుతుంది. పొదుపమ్మా అంటాను. అబద్ధం బాగా చెప్పడం మా ఇంట్లో తరతరాలుగా వస్తున్నదే.